చెక్కగదిలో గళ్ల లుంగీ

మొన్న ఆఫీసులో నా బల్లమీదికి ఒక నక్షా వచ్చింది. పక్షుల్ని చాటుగా చూడటానికి కట్టబోయే చెక్కగది అది. వెనక గోడకు గాలి కోసం పెద్ద కిటికీ పెట్టారు. దాన్ని ఎర్రసిరాతో కొట్టేస్తుంటే నవ్వొచ్చింది. ఆరేళ్ల కిందట నేనూ అచ్చం అలాంటి కిటికీనే పెట్టాను.

పోర్ట్ బ్లెయిర్ అవతల చౌల్దారీ దగ్గర, సునామీకి కుంగి ఉప్పునీరు నిలిచిన వరిచేల గట్టున కట్టిన ఆ గది నా మొదటి పని. ముందు గోడకు చూడటానికి సన్నటి కంత, వెనక కిటికీ, రెండు బల్లలు, వాన జారే కప్పు: నా పట్టికలో అన్నిటికీ టిక్కులు పడ్డాయి, ఒక్క పక్షులకు తప్ప. మనిషి లోపల కదిలితే చాలు, బాతులన్నీ లేచిపోయేవి. నెల రోజులు చూసి పెద్దసారు తేల్చేశారు: మర్నాడు తానే వస్తారు, పక్షి కనబడకపోతే గది విప్పించి కలప పడవల షెడ్డుకు పంపిస్తారు. ఆ మధ్యాహ్నం చివరిసారి కొలతలు చూసుకుందామని డాలీగంజ్ నుంచి బండి మీద వెళ్లాను. నా కిటికీకి అడ్డంగా ఎవరిదో నీలం గళ్ల లుంగీ వేలాడుతోంది. ప్రాణం చివుక్కుమని పీకేయబోయాను.

"అరే భయ్యా, రుకో! లుంగీ ముట్టకు," అని మసక వెలుతురులోంచి గుసగుస. బోర్లించిన చేపల పెట్టె మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఒళ్లో అట్ట, చేతిలో కుంచె. పోర్ట్ బ్లెయిర్‌లో పడవలకు పేర్లు రాసి రాసి, పక్షుల బొమ్మల్లోకి దిగారట.

"ఆ కిటికీ గాలి కోసం పెట్టింది, మావయ్యా," అన్నాను, ఇంజినీరు గొంతుతో.

"గాలి బాగానే వస్తాది బాబూ, వెలుతురూ వస్తాది. ఆ వెలుతురు ముందు నీ బుర్ర అటూ ఇటూ ఊగితే బాతుకి కనబడదేటి? దానికీ కళ్లున్నాయి. చుప్‌చాప్ కూర్చో."

నా రాకతో ఎగిరిపోయిన బాతు ఆయన కాగితం మీద మెడ వరకే ఉంది. మిగతాది ఊహించి గీయరట, అది తిరిగొచ్చేదాకా ఆగుతారట. ఇద్దరం ఆగాం. రేపు సారు వచ్చి గది సంగతి తేలుస్తారని గుసగుసగా చెప్పాను. గంట తర్వాత ఆరు గోధుమరంగు బాతులు, కంటి చుట్టూ తెల్లటి వలయాలతో, మా ముందే వాలాయి. ఆయన కళ్లు బాతు మీదే ఉన్నాయి. చేయి తన దారిన తాను వీపు పూర్తి చేసింది.

వెళ్తూ, "లుంగీ ఉంచుకో. సారు ఎల్లాక ఉతికి ఇచ్చీ," అన్నారు. అవసరం రాలేదు, పొద్దుగూకేలోగా కిటికీకి పలకలు కొట్టేశాను. మర్నాడు బాతుల్ని చూసిన సారు ఇదంతా సీజన్ మహిమ అన్నారు. గది నిలిచింది.

బాతును ఎగరగొట్టిన నన్ను తిట్టడానికి ఆ పెద్దాయనకు హక్కుంది. తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ తర్వాత పనిచేసిన గంటలెన్నో రిజిస్టర్లలో చేరి మరుగున పడ్డాయి. బాతు తిరిగొచ్చేదాకా ఆయన పక్కన ఊరికే కూర్చున్న ఆ గంట మాత్రం నాలో ఇంకా నడుస్తూనే ఉంది.