వెళ్ళొస్తాననవే

కెనడాలోని గ్వెల్ఫ్‌లో బస్సెక్కగానే రూప తనకు క్లాసులో పాఠంగా ఉన్న పాత అమెరికన్ నవల తెరుస్తుంది. వేలు వరుస వెంట నడుస్తుంది, పెదవులు మెల్లగా కదులుతాయి. కథలో ఏదీ ఊరికే రాదని ప్రొఫెసర్ చెప్పినప్పటి నుంచి, నది కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీస్తుంది. "ఏమే, ఇవాళ నది దేనికి సింబల్?" అని రూమ్మేట్ స్వీటీ రోజూ ఏడిపించేది. "స్వేచ్ఛకి," అనేది రూప.

చదువు పూర్తయినా స్వీటీకి వర్క్ పర్మిట్ రాలేదు. నిన్న ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళే కారు ఇంటి ముందుకు వచ్చాక, పెట్టె అందుకుని, "వెళ్తున్నానే," అంది.

"వెళ్ళొస్తాననవే."

"అబద్ధం ఎందుకే?" స్వీటీ నవ్వబోయి, మెట్లు దిగిపోయింది.

కారు మలుపు తిరిగినా రూప తలుపు వేయలేదు. ఇంట్లోని వెచ్చదనమంతా బయటికి పోతూనే ఉంది.