మబ్బు పట్టితే ఉప్మా

ఆకాశంలో మబ్బు కనిపిస్తే జనం గొడుగు వెతుక్కుంటారు. మా పట్టాభి పెదనాయన రవ్వ వేయించమంటాడు. డెబ్బైల చివర్లో పుదుచ్చేరి ఉప్పళంలో మా వీధివాళ్ళను ఎవరినడిగినా ఈ సంగతే చెప్పేవాళ్ళు.

ఆయనకు బజారులో పచారీ కొట్టు. కాలువ పక్కనున్న మా వీధిలో మిద్దె ఉన్నది ఆయన ఇంటికొక్కదానికే. కింది భాగంలో మేముండేవాళ్ళం. మిగతావన్నీ పెంకుటిళ్ళు, గుడిసెలు. తూర్పున సముద్రం మీద కాస్త నల్లబడగానే పెదనాయన కొట్టు కట్టేసి వచ్చి, వీధి చివరిదాకా నడిచి, అందరినీ మిద్దె మీదికి ఉప్మాకు పిలిచేవాడు.

ఆ పిలుపుకు షరతులుండేవి. కింద తినకూడదు. అందరూ పైకెక్కితేగానీ ఒక్కరికీ ఆకు వెయ్యడు. ఇంటికొక చాప, మనిషికొక జత బట్టలు తెచ్చుకోవాలి. ఉప్మాకు చాప ఎందుకన్నా అని దర్జీ నటేశన్ ఒకసారి అడిగాడు. తిన్నాక కునుకు వస్తే యాడ పడుకుంటావని పెదనాయన ఎదురడిగాడు. నటేశన్ తన మేకను కిందే కట్టేసి వచ్చాడని తెలిసి, దాన్నీ తోలుకురమ్మన్నాడు. ఆ మేకకు మెట్లెక్కడం వచ్చేసరికి గిరిజ పెద్దమ్మ కుండీలో పెంచుకున్న కరివేపాకు మొక్క మోడైపోయింది.

ఎదురింటి భాగ్యం అవ్వకు మోకాళ్ళు వంగవు. ఆమె వస్తేగానీ ఆకులు పడవు కాబట్టి, ఆకలి మీదున్నవాళ్ళు ఆమెను కుర్చీతో సహా ఎత్తుకొచ్చేవాళ్ళు. మొదట్లో గోడకు కొట్టారు. రానురాను ముందెవరు పట్టాలో, మలుపులో ఎటు వంచాలో చేతులకే తెలిసిపోయింది. అవ్వ ఊరేగింపులో కన్యకాపరమేశ్వరి అమ్మవారిలా దర్జాగా పైకొచ్చి, ఉప్పు తక్కువైందని చెప్పేది.

తిని లేచి చూస్తే చాలాసార్లు ఎండ కాస్తుండేది. గిరిజ పెద్దమ్మకు విసుగొచ్చేది. కొట్టులో అమ్మే రవ్వకన్నా మిద్దె మీద వండేదే ఎక్కువైందని, ఈ మనిషికి మబ్బుపిచ్చి పట్టిందని మా అమ్మ దగ్గర వాపోయేది. అయినా గరిటె మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

ఎనభైల్లో ఒక కార్తీకమాసం. రేవులో తుపాను హెచ్చరిక జెండా ఎగరేశారని మధ్యాహ్నం రేడియో చెప్పింది. పెదనాయన మామూలుగానే పిలిచాడు. వాన కురుస్తున్నా జనం మామూలుగానే చాపలు చంకన పెట్టుకొని వచ్చారు. ముందు మేక, వెనక అవ్వ కుర్చీ. మిద్దె మీది రేకుల పంచలో ఆకులు వేస్తుండగా కాలువ గట్టు తెగింది. ఎర్రనీళ్ళు వీధిలోకి దూకి, మేం చూస్తుండగానే కిటికీలదాకా లేచాయి. నటేశన్ గుడిసె పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా కూలిపోయింది. పిట్టగోడ పట్టుకొని అందరం చూస్తూ నిలబడ్డాం. కింద ఒక్క మనిషి లేడు.

కాసేపటికి నటేశన్ పెదనాయన పక్కకొచ్చి మెల్లిగా అడిగాడు.

"అన్నా, ఇన్నేళ్ళూ ఇందుకేనా?"

 పెదనాయన తడిసిన కండువా పిండుకున్నాడు.

"నువ్వు ఈ వీధికి రాకముందు ఒకసారి, వరదొస్తాది లేవండప్పా అని ఇంటింటికీ తిరిగినా. ఒక్కరూ కదల్లేదు. తలుపులు బిగించుకున్నారు. మూలింటి చిన్నస్వామి తాతను నీళ్ళలోంచి లాగేసరికి నా ప్రాణం పోయినంత పనైంది. వరదంటే ఎవరూ రారు. ఉప్మా అంటే ముసలోళ్ళను మోసుకొని మరీ వస్తారు. ఇంకేం చేసేది?"

 భాగ్యం అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. గిరిజ పెద్దమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి మొగుడి వైపు చాలాసేపు చూసింది.

"ఏందయ్యా నువ్వు," అంది చివరికి. "ఈ ముక్క నాతో ముందే చెప్పుంటే, కాస్త జీడిపప్పన్నా వేసుండనా?"