ఖాళీ ట్రే

మా ఆయన కాలి బొటనవేలికి పుండు పడి, ఇక్కడ సింగపూర్‌లో ఆసుపత్రిలో చేరి అప్పటికి నాలుగు రోజులైంది. షుగరు మనిషి కదా, వేలు తీసేయాలో ఉంచాలో సోమవారం చెబుతామన్నారు డాక్టర్లు. వేలు దక్కితే చాలని ఈయన వెంకన్నకు ఏడు శనివారాల ఉపవాసం మొక్కుకున్నారు. సాయంత్రం దాకా ఏమీ ముట్టకూడదు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొదటి శనివారం పొద్దున్నే మేముండే పుంగ్గోల్ నుంచి ఏమీ తినకుండా ట్రైనెక్కి వచ్చాను. నర్సు ఆయనకు ఇన్సులిన్ వేసి, ఉప్మా ట్రే పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

"నువ్వు తినేయవే. ప్లేటు ఖాళీగా ఉంటే ఎవరూ అడగరు."

"సూది వేయించుకున్నారు కదండీ, పర్లేదా?"

"షుగర్ తగ్గడానికేగా వేసేది? తినకపోతే ఇంకా తగ్గుద్ది. మంచిదేగా."

ఆయన లెక్క నాకూ సబబుగానే తోచింది. తినేశాను. నిజం చెప్పొద్దూ, ఉప్మా బాగుంది కూడా. నర్సు వచ్చి ఖాళీ ట్రే చూసి, అంతా తిన్నారని రాసుకుంది. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

గంటకల్లా ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. నన్ను చూసి, "ఎవరు?" అన్నారు. ముప్పై ఏళ్ల కాపురం మాది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆయన తినలేదు, నేను తిన్నాను," అని పరుగెత్తుకెళ్లి నర్సుకు చెప్పేశాను. నరానికి గ్లూకోజ్ ఎక్కించారు.

ఆయన తేరుకున్నాక నర్సు నా పక్కన కూర్చుంది. తలకు స్కార్ఫ్ కట్టుకున్న మలయ్ ముస్లిం అమ్మాయి. చీవాట్లు తప్పవనుకున్నాను.

"నేనూ ఉపవాసాలుంటాను ఆంటీ. నేనే ముందు అడగాల్సింది," అంది ఇంగ్లీషులో. తప్పు నాదైతే ఆ పిల్ల తన మీద వేసుకుంది. ఏడుపు ఆగలేదు.

మర్నాటి నుంచి ఆ వార్డులో ప్రతి మంచం దగ్గరా, "ఈరోజు ఉపవాసమా?" అని అడగడం మొదలైంది. మొదటి ముద్ద నోట్లోకి వెళ్లాకే సూది.

సోమవారం డాక్టర్లు వేలు ఉంచుదామన్నారు. పుండు మానేదాకా మాత్రం ఆసుపత్రిలోనే ఉండాలన్నారు.

మళ్లీ శనివారం వచ్చింది. ఆ అమ్మాయే ట్రే పెట్టి, సూది పట్టుకుని నిలబడింది. ఆయన నా వైపు చూశారు.

"మీ ఏడు శనివారాల ఉపవాసం నేనుంటాను. మీరు తినండి," అన్నాను.

బుద్ధిగా ఒక చెంచా తిన్నారు. వారం నుంచీ గొంతులో ఉన్న మాట అప్పుడు అడిగాను.

"నేనెవరో తెలుస్తోందా?"

"తెలీకేం? నా ఉప్మా తినేసినదానివి," అన్నారు.