జోగమ్మ కోసం అద్దం మీద వేసిన ఇప్పపూలు

మా చిన్నప్పుడు... పాల్వంచలో మా కాలనీ పక్కనున్న బడికి అడవి ఊళ్ల నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలు కూడా వచ్చేవారు. తొమ్మిదో తరగతిలో నా బెంచీ మీద జోగమ్మ కూర్చునేది. భద్రాచలం దాటి చాలా లోపలికి పోతే వాళ్ల కోయ ఊరు. లెక్కల్లో నాకంటే చురుకు... నాకు రాని లెక్కలన్నీ తనే చెప్పేది.

ఒకరోజు టీచరు, ఎండాకాలం మీ ఇళ్లలో ఏం తింటారని అందర్నీ అడిగారు. మామిడికాయ పప్పు, తాటిముంజలు, చల్ల... జోగమ్మ లేచి, ఇప్పపూలు ఉడకబెట్టుకుని తింటామంది. వెనక నుంచి ఎవరో ఇప్పపూలతో కాచే సారా మాట ఎత్తారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

జోగమ్మ మర్నాడు పుస్తకాలు తీసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయింది.

వారం గడిచింది. అన్నం ఎందుకు సరిగ్గా తినట్లేదని అమ్మ నిలదీస్తే అంతా చెప్పేశాను.

"నోటితోని నవ్వినవ్ గదా... చేత్తోని ఏమన్న చేసియ్యి" అంది అమ్మ.

అటక మీద ఫ్రేము విరిగిన పటం ఒకటి ఉండేది. దాని అద్దం ఊడదీసి, సబ్బుతో కడిగి ఇచ్చింది. పెళ్లికి ముందు చర్చిలో కుట్టు నేర్చుకునేటప్పుడు అద్దం మీద బొమ్మలు వేయడం కూడా నేర్చుకుందట. నేను ఇప్పకొమ్మ వేస్తానన్నాను... కానీ ఇప్పపువ్వు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

కాలనీకి విస్తరాకులు అమ్మడానికి వచ్చే అవ్వను అడిగితే, మర్నాడు కొంగున కట్టి గుప్పెడు తెచ్చింది. లేత పసుపు రంగు, గుండ్రంగా, రసంతో ఉబ్బి ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. అప్పుడేసింది నాకు అసలు సిగ్గు.

ముందు నల్ల గీతలు, అవి ఆరాక రంగులు, వెనక నలిపిన వెండి కాగితం... బొమ్మ అద్దానికి వెనకవైపు వేస్తాం కాబట్టి పేరు తిరగేసి రాయాలి. అది మరిచిపోయి "జోగమ్మ" అని మామూలుగా రాశాను. బ్లేడుతో గీకి మళ్లీ రాయాల్సి వచ్చింది.

సెలవులిచ్చిన రోజు జోగమ్మ హాస్టల్ గేటు దగ్గర ట్రంకుపెట్టె మీద కూర్చుని వాళ్ల నాన్న కోసం చూస్తోంది. పాత చీరముక్కలో చుట్టిన అద్దం చేతికిచ్చాను. ఆరోజు నవ్వినందుకు... అని మొదలుపెట్టాను గానీ, మాట పూర్తి చేయలేకపోయాను.

చాలాసేపు చూసింది. ఒక్కో పువ్వునూ వేలితో తడిమింది.

"ఇప్పపూలు గిట్ల పైకి చూడవే... కిందికి యాలాడ్తయ్" అంది. అద్దాన్ని మళ్లీ చీరముక్కలో చుట్టుకుంటూ, "మా ఊరికి రా, చూపిస్త" అంది.

నిజంగానే వెళ్లాం, అమ్మా నేనూ. పొద్దున్నే జోగమ్మతో కలిసి చెట్టు కింద రాలిన పూలు ఏరాను. వాళ్లమ్మ ఉడకబెట్టి, ఆకుదొన్నెలో పెట్టి ఇచ్చింది.

వాళ్ల మట్టిగోడకు నా అద్దం తలకిందులుగా వేలాడుతోంది. పూలు కిందికి చూడాలని జోగమ్మే అలా కట్టిందట... తన పేరు తలకిందులైనా పర్వాలేదంది.

జోగమ్మ ఇప్పుడు అటువైపే ఒక బడిలో టీచరు. అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. ఈమధ్య ఎవరి మనసైనా నొప్పిస్తే, ఫోన్లో చేతులు జోడించిన బొమ్మొకటి పంపి ఊరుకుంటున్నాను... అందరిలాగే నేను కూడా.

మీరెప్పుడైనా ఎవరికోసమైనా చేత్తో ఏదైనా చేసిచ్చారా? ఏం చేశారో ఒక్కటే కాదు... ఎందుకు చేయాల్సొచ్చిందో కూడా రాయండి.