రాహేలమ్మ తీసిపెట్టిన పిడికెడు బియ్యం

పోయిన ఏడు ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం దాటి వచ్చిన మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో, మా వంటింట్లో, పొయ్యి ముందర దేవుడు నన్ను పట్టుకున్నాడు. గడియారం చూసే చెబుతున్నాను. నేను ఇరవై ఏళ్లు తప్పకుండా ఆదివారం పాఠం చదివినందుకు సంఘం వారు బహుమానంగా ఇచ్చిన గడియారం అది. సహోదరులారా, సహోదరీలారా, ఆ ఇరవై ఏళ్లలో నేను ఒక్క అక్షరం చదవలేదు. అప్పటికి నాకు చదువే రాదు.

ఈ సాక్ష్యం నా చేత్తో నేనే రాస్తున్నాను. అరవై ఏడో ఏట అక్షరాలు దిద్దినవాణ్ణి. తప్పులుంటే మా సంఘ కాపరి అయ్యగారు సరిచేస్తారు. నా పాపాన్ని మాత్రం సరిచేయవద్దని, ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించమని ఆయనకు చెప్పాను.

నా పేరు యోసేపు. నంద్యాల రోడ్డులో ఒక బియ్యం మిల్లులో హమాలీగా బస్తాలు మోసి బతికాను. గోస్పాడు వైపు నుంచి వడ్ల ట్రాక్టర్లు వరసగా వచ్చి నిలబడితే, ఆ మిషన్ల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే, అలా అరిచి అరిచి నాకు పెద్ద గొంతు వచ్చింది. ఆ గొంతుతో ప్రార్థన చేస్తే మైకు అక్కర్లేదనేవారు. ఆ గొంతు చూసే నన్ను సంఘ పెద్దను చేశారు. మా మందిరంలో పాఠం చదివేది సంఘ పెద్దే కాబట్టి ఆ పని కూడా నా మీద పడింది. ఆ రోజే లేచి “అయ్యా, నాకు చదువు రాదు” అని ఉంటే ఒక్క నిమిషం సిగ్గుతో పోయేది! ఆ ఒక్క నిమిషం తప్పించుకోవడానికి ఇరవై రెండేళ్లు దేవుని సన్నిధిలో అబద్ధంగా నిలబడ్డాను.

ఎలా అంటారా? నా భార్య రాహేలమ్మ ఐదో తరగతి చదివింది. బుధవారం గృహ ప్రార్థనలో అయ్యగారు రాబోయే ఆదివారం పాఠం ఏదో చెప్పేవారు. గురువారం నుంచి శనివారం దాకా పొద్దున్నే ఆమె చేటలో బియ్యం ఏరుతూ, పక్కన పీట మీద గ్రంథం తెరిచి పెట్టుకుని, ఒక్కొక్క వచనం చదివేది, నేను ఆమె వెనకాల పలికేవాణ్ణి, శనివారానికి నాకు నోటికి వచ్చేసేది. ఆదివారం పేజీ మీద వేలు పెట్టి, కళ్లు అటూ ఇటూ తిప్పుతూ, ఎక్కడా ఆగకుండా చెప్పేసేవాణ్ణి. “పెద్దాయన చదివితే వాక్యం గుండెకు తగుల్తాదప్పా!” అనేవారు జనం. ఆ మెప్పు నేను తీసుకున్నాను. ఒకసారి రాహేలమ్మ మెల్లగా, “దాచేదెందుకు, నేను నేర్పిస్తా, బేగా వచ్చేస్తాది నీకు” అనింది. “ఆడదాని కాడ కూర్చుని అఆలు దిద్దల్లనా నేను? సంఘ పెద్దను!” అన్నాను. మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

ఇంకా ఉంది. మా సంఘాల్లో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ వారం బియ్యమంతా సంచిలో మందిరానికి తెస్తారు, అవి ఇంట్లో పొయ్యి వెలగని వాళ్లకు పోతాయి. వీపు మీద బస్తాలు మోసేవాడికి పిడికెడు బియ్యం కంటికి ఆనుతాయా? “ఆ పిట్టల మేత యాడికి ఎత్తుకపోతాండావ్ మే?” అని నవ్వేవాణ్ణి. ఒక ఆదివారం, ఊరి బయటి నుంచి వాక్యం చెప్పడానికి వచ్చిన సేవకులకు వంట చేసి, ఆమె ఆరాధనకు ఆలస్యంగా వచ్చింది. నేను ముందర నిలబడి ఉన్నాను. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే, “కొందరు ఆడోళ్లకు ప్రభువు కంటే కుండలే ఎక్కువ!” అన్నాను. అందరూ తిరిగి చూశారు. ఆమె సంచి కొంగు కింద దాచుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది. ఆ పూట సేవకులతో పాటు నేనూ ఆమె వండిందే తిన్నాను, రెండుసార్లు వడ్డించుకున్నాను.

దేవుడు మాకు పిల్లల్ని ఇవ్వలేదు. ఉన్నది మేమిద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరు మాట్లాడేవారు, ఒకరు వినేవారు. మాట్లాడేవాణ్ణి నేను.

పోయిన ఏడు ఫిబ్రవరిలో రాహేలమ్మ బియ్యం కడుగుతూ కడుగుతూ పక్కకు ఒరిగిపోయింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతే పక్షవాతం అన్నారు. కుడి చేయి, కుడి కాలు పోయాయి, మాట పోయింది. నేను మంచం పక్కన మోకాళ్ల మీద పడి, “ప్రభువా, ఈమె నోరు ఈమెకు తిరిగి ఇయ్యి! ఇయ్యకుంటే నిన్ను వదలను!” అని గొంతెత్తి ప్రార్థించాను. నర్సమ్మ పరుగున వచ్చి, “పెద్దాయనా, దేవునికి వినపడతాదిలే, మెల్లగా అడుగు! పక్క మంచపోళ్లు పండుకున్నారు!” అనింది. చుట్టూ ఉన్నవాళ్లు, చూడు భార్య అంటే ఎంత ప్రేమో అన్నారు. సహోదరులారా, ఇది రాయడానికి నా చెయ్యి వెనక్కి పోతోంది, అయినా రాస్తున్నాను. అప్పుడు నా గుండెలో ఉన్న మొదటి భయం ఆమె గురించి కాదు. వచ్చే ఆదివారం పాఠం నాకు ఎవరు చదివి వినిపిస్తారు? ఆమె నోరు నేను నా కోసం అడిగాను.

ఇంటికి వచ్చాక కొన్ని ఆదివారాలు కంట్లో పొర వచ్చిందని తప్పించుకున్నాను. మట్టల ఆదివారం వచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే ఆ రోజు ఏటా ఒకటే పాఠం, ప్రభువు గాడిద పిల్లనెక్కి పట్టణంలోకి వచ్చే పాఠం, అది నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. “ఈ వారం నేనే చదువుతా అయ్యగారూ” అని నేనే అడిగి తీసుకున్నాను. అయితే ఆ ఏడు అయ్యగారు పాఠం మార్చారు. మార్చిన సంగతి బుధవారం గృహ ప్రార్థనలో చెప్పారు. రాహేలమ్మ దగ్గర ఉండాలని నేను ఆ ప్రార్థనకు పోలేదు. అయ్యగారు గ్రంథంలో గుర్తుగా కాగితం పెట్టి నా చేతికి ఇచ్చారు. నేను ఆ పేజీ మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని, గాడిద పిల్ల పాఠం మొదలుపెట్టాను.

జనం చేతుల్లో మట్టలు, ఒళ్లో తెరిచిన గ్రంథాలు. రెండు వచనాలు చెప్పేసరికి పేజీలు తిప్పే చప్పుడు మొదలైంది. ముందు వరసలో ఒక ముసలమ్మ పక్కనామెతో, “ఏందీ, పెద్దాయన ఈడ లేనిది చదువుతాండాడే!” అనింది. ఆమె మెల్లగానే అనింది, నాకు వినపడింది, అందరికీ వినపడింది. అయ్యగారు దగ్గరికి వచ్చి, “అన్నా, పేజీ తప్పినట్టుంది. ఇది ప్రభువు తల మీద అత్తరు పోసిన స్త్రీ పాఠం గదా” అన్నారు. నేను పేజీలు అటూ ఇటూ తిప్పాను. ఏ పేజీ అయినా నాకు ఒకటే. “కండ్లు కనపడవు అయ్యగారూ” అని గ్రంథం ఆయన చేతిలో పెట్టి బయటికి నడిచాను. వెనకాల పడుచువాళ్లు తలలు వంచుకుని నవ్వడం చూశాను.

ఇంటికి వచ్చి ఏం చేశానో తెలుసా? మంచంలో ఉన్న మనిషి మీద, మాట రాని మనిషి మీద అరిచాను. “నీవల్లనే నా పరువు పోయింది!” అన్నాను. రాహేలమ్మ నన్ను చూసింది. తర్వాత ఎడమ చేత్తో తన నోటిని తానే కొట్టుకుంది. ఒకసారి కాదు, నేను ఆ చెయ్యి పట్టుకునే దాకా.

దేవుడు నన్ను క్షమించాడు, అది నాకు తెలుసు. ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ నా కళ్ల ముందర నుంచి పోదు.

రెండు రోజులు గడిచి మంగళవారం వచ్చింది. అప్పటిదాకా మాకు వంట చేసిపెట్టింది మా గోడ అవతలి సుంకులమ్మ. ఆమె మన విశ్వాసం కాదు, రాహేలమ్మను అక్కా అని, నన్ను బావా అని పిలుస్తుంది. ఆ రోజు మిరప కోతకు పోవాల్సి ఉండి, నాకు వంట చెప్పి పోదామని పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎసరు కాగింది. నేను కడిగిన బియ్యం గిన్నె ఎత్తాను. వంటింట్లోనే ఓ మూల వేసిన మంచంలో నుంచి రాహేలమ్మ ఎడమ చేత్తో మంచం పట్టీని దబదబా కొట్టింది.

“ఏందిమే? ఏం గావల్ల?” అన్నాను.

“ఆగు బావా, పొయ్యాకు!” అనింది సుంకులమ్మ. “కడిగే ముందరే పిడికెడు తీయల్ల. తీసినావా?”

“మనిషి మంచంలో ఉంటే ఇంగా పిడికెడు ఏందీ!”

“అక్క పడినకాడి నుంచి నేను తీస్తానే ఉండా. మీ దేవుడు నాకు తెలియకపోయినా తీస్తాండా. తీయకుంటే అక్క అన్నం ముట్టదు. ఊరికే తీస్తే చాలదు, పేరు చెప్పి తీయల్ల.”

“ఎవురి పేరు?”

“దినానికి ఒకరి పేరు. మా పిల్లోడు డోన్‌లో లారీ పనికి ఎక్కిన దినం వాని పేరు. మీ మందిరంలో ముందర వరస ముసలామె కండ్ల ఆపరేషన్ దినం ఆమె పేరు. శనివారం అయితే ఎప్పుడూ నీ పేరే.”

“నా పేరెందుకు?”

సుంకులమ్మ రాహేలమ్మ వైపు చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చెప్పేసింది. “‘ప్రభువా, రేపు పాఠంలో నా మొగుడు తడబడకూడదు, నలుగురి ముందర తల దించుకోకూడదు’ అని. మాట ఉన్నన్నాళ్లూ అక్క అట్లా చెప్పే తీసేది. నీకు చదువు రాదని నాకు ఎప్పటి నుంచో తెలుసులే బావా! నీ గొంతేమన్నా చిన్నదా? నువ్వు ముక్క ముక్క పలకతాంటే గోడ అవతల మా కోడి గూడ నేర్చుకునింది.”

“మరి ఎవురికీ చెప్పలే?”

“అక్క నా చేత ఒట్టేయించుకునింది.”

సహోదరులారా! నేను సంఘంలో గంటసేపు ప్రార్థన చేసినవాణ్ణి. ఆ ప్రార్థనల్లో ఏ శనివారమైనా రాహేలమ్మ పేరు ఉందా అని వెతుక్కున్నాను. లేదు. దేవుడు నా పెద్ద గొంతులో ఉన్నాడని నేను అనుకుంటున్నప్పుడు ఆయన ఈ పొయ్యి దగ్గర, ఈ చేట దగ్గర, ఈమె పిడికిట్లో ఉన్నాడు. నేను కడిగిన గిన్నె కింద పెట్టి బియ్యం డబ్బా తెరిచాను. ప్రార్థన చేద్దామని నోరు తెరిస్తే ఆ పెద్ద గొంతు రాలేదు. “ప్రభువా, రాహేలు” అని పిడికెడు తీశాను.

హమాలీ చెయ్యి కదా, డబ్బా అడుగు కనపడింది.

“అయ్యో బావా! ఇంటి బియ్యమంతా నువ్వే ఎత్తితే రేపు అక్కకేం వండుతావ్!” అనింది సుంకులమ్మ. రాహేలమ్మ నవ్వింది. సగం నోటితో, శబ్దం వచ్చేలా నవ్వింది. నేను కళ్లు తుడుచుకుంటూ తలెత్తితే ఎదురు గదిలో ఆ గడియారం. ఏడు గంటల పది నిమిషాలు.

ఆ పూటే చేటలో బియ్యం పరిచి మంచం మీద పెట్టి, “నేర్పియ్యి” అన్నాను. నా పేరు రాస్తుందనుకున్నాను. ఎడమ వేలితో వంకరగా ‘అ’ రాసింది. ఆమె ఏ పనైనా మొదటి నుంచే మొదలుపెట్టే మనిషి.

ఈస్టరు ఆదివారం మందిరంలో లేచి, “నాకు చదువు రాదు. ఇన్నేళ్లూ మిమ్మల్ని మోసం చేసినాను” అని ఒప్పుకున్నాను. ముందర వరస ముసలమ్మే అడిగింది, “మరి ఇన్నేళ్లూ చదివింది ఎవురప్పా?” అని. “రాహేలమ్మ” అన్నాను. ఎవరూ నవ్వలేదు. పెద్దరికం ఆ రోజే వదిలేశాను.

ముసలి బుర్రకు అక్షరం తొందరగా ఎక్కదు. చేతికి బస్తా కొక్కెం అలవాటు, బియ్యం మీద వేలు నిలవదు. గుణింతాలకే వానాకాలం గడిచిపోయింది. ఆమె చిక్కిపోతూ ఉంది. ఆమె ఉండగా ఒక్క పాఠం, నా కళ్లతో నేను చదివింది, ఆమెకు వినిపించాలని దేవుణ్ణి అడిగాను. వరి కోతలకు కొంచెం ముందు, ఆ అత్తరు పోసిన స్త్రీ పాఠం తెరిచి కూర్చున్నాను. పొయ్యి అంటించినప్పుడు మొదలుపెడితే అన్నం వార్చే దాకా పట్టింది. ఆ స్త్రీ ఒక్క మాట మాట్లాడదు. చుట్టూ ఉన్న మగవాళ్లే ఆమెను గద్దిస్తారు. అక్కడికి వచ్చాక నేను చదవలేక ఆగాను. రాహేలమ్మ వేలు పెట్టి, తర్వాతి ముక్క చూపించింది.

తొమ్మిది రోజుల తర్వాత ఆమె ప్రభువునందు నిద్రించింది.

విడుదల పొందాను, అబద్ధం నుంచి పొందాను, ఇది నా దేవుడు చేసిన కార్యం, ఆయనకే మహిమ! అయినా నా దుఃఖం పోయిందని మీకు చెప్పను. ఇరవై రెండేళ్లు ఆమె నాకు కావలసింది నాకు చదివి వినిపించింది. నీకు ఏ పాఠం ఇష్టం అని నేను ఒక్కసారి అడగలేదు. ఆమెకు ఏ వచనం ఇష్టమో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఇప్పుడు నా అన్నం నేనే వండుకుంటాను. పిడికెడు తీస్తాను, పేరు చెప్పి తీస్తాను, ఆదివారం ఆడవాళ్ల వరసలో నిలబడి సంచి ఇస్తాను. చదువుతున్న అన్నా, అమ్మా, దేవుణ్ణి ఎక్కడో వెతకడానికి పోయే ముందు ఒక పూట మీ ఇంటి పొయ్యి దగ్గర కూర్చోండి. మీ పేరు అక్కడ ఎవరు చెబుతున్నారో వినండి. వాళ్లు ఉండగానే వినండి. చదువు లేకుంటే లేదని చెప్పండి, ప్రేమించకుంటే ప్రేమించలేదని చెప్పండి. ఆయన అలా వచ్చినవాణ్ణే నన్ను తీసుకున్నాడు, మిమ్మల్నీ తీసుకుంటాడు.

ఆ మంగళవారం ఆ వంటింట్లో ఉన్నవారు: మంచం మీద నా భార్య రాహేలమ్మ. గుమ్మంలో సుంకులమ్మ. ఆమె వెంట వచ్చిన కోడి. నా ప్రభువైన యేసు, ఆయన ఎప్పటి నుంచో అక్కడే ఉన్నాడు. హమాలీ యోసేపు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.