చేతికి అందిన గ్రహాలు

1998లో హోసూరు పారిశ్రామికవాడ పక్కన నాకొక చిన్న గేర్ల షెడ్డు ఉండేది. ఉన్నది ఒకటే హాబింగ్ మెషీన్. ఇనుప బిళ్ళ అంచున పళ్ళు కోసే యంత్రమది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో గేరు అరిగిపోతే, అలాంటిదే కొత్తది కోసివ్వడం నా పని.

ఒకరోజు ఆటోలోంచి ఒకామె దిగి, చేతికర్రతో గడప తడుముకుంటూ లోపలికి వచ్చింది.

"గేర్లు కోసే నాగరాజప్ప ఈడేనా ఉండేది? కృష్ణగిరి నుంచి వచ్చినాను."

పేరు మునిరత్నమ్మ. చూపులేని పిల్లల బడిలో సైన్సు టీచరు. ఆమెకూ పుట్టుకతోనే చూపు లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే తీరు పిల్లలు తాకి తెలుసుకొనేలా ఒక యంత్రం కావాలంది.

"నేను చదివేటప్పుడు ఈ పాఠం వస్తే, నీకిది వద్దులేమ్మా అని దాటేసినారప్పా. నా పిల్లోళ్ళకి అట్ల కాకూడదు."

లెక్కలన్నీ ఆమె నోటికే ఉన్నాయి. భూమి దూరం పది అంగుళాలనుకుంటే బుధుడు నాలుగు, శుక్రుడు ఏడు, అంగారకుడు పదిహేను. భూమి ఎనిమిది చుట్లు తిరిగేలోగా శుక్రుడు పదమూడు చుట్లు తిరగాలి. వీటిని పళ్ళ లెక్కలోకి మార్చడం నా వంతు. భూమికి ముప్పై తొమ్మిది పళ్ళు, శుక్రుడికి ఇరవై నాలుగు అని తేలిన రోజు నాకు అన్నం తినాలని కూడా గుర్తులేదు.

గురుగ్రహం దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆ లెక్కన దాని చెయ్యి నాలుగడుగులు దాటుతుంది. బల్ల మీద పట్టదు. కొంచెం దగ్గరికి జరుపుదామన్నాను.

"జరిపితే అబద్ధమైపోతుందప్పా," అంది ఆమె. "కండ్లుండే వాళ్ళు బొమ్మ తప్పయితే ఇంకో బొమ్మ చూసి సరిచేసుకొంటారు. మా వాళ్ళు తాకిందే నిజమనుకొంటారు."

దారి కూడా తనే చెప్పింది. మొదటి నాలుగు గ్రహాలు బల్ల మీద ఉంటాయి. సూర్యుడిగా నిలిపిన నడిమి గుంజ పైన తిరిగే రింగు ఒకటి పెట్టి, దానికి తాళ్ళు కట్టాలి. గురుడికి, శనికి కొలత ప్రకారం ముడివేసిన తాడు పట్టుకొని పిల్లలే బల్ల చుట్టూ నడుస్తారు. నేను పెట్టిన మోటారు తీయించేసింది, పిల్లలే పిడి పట్టి తిప్పాలని. గేర్ల పళ్ళన్నిటి మీదా వేలు పోనిచ్చి ఒకచోట ఆగింది.

"ఈడ గుచ్చుకొంటా ఉంది."

కోతలో మిగిలే గరుకు అంచును మేము బర్ అంటాం. ఆకురాయితో అన్నిటినీ మళ్ళీ నున్నగా రుద్దాను.

వ్యాన్‌లో వేసుకొని కృష్ణగిరి పోయి బిగించాను. పిడి ఒకసారి తిప్పితే భూమికి ఒక ఏడాది. ఒక పిల్లాడు తిప్పుతుంటే మిగతావాళ్ళు గట్టిగా లెక్కపెట్టారు. గౌరి అనే పదేళ్ళ అమ్మాయి శని తాడు పట్టుకొంది. అంటే గుంజకు దాదాపు ఎనిమిదడుగుల దూరం. మామూలుగా నడిచేసరికి భూమికి ఐదేళ్ళు నిండకముందే ఆమె చుట్టు అయిపోయింది.

"శనికి ఇరవై తొమ్మిదేళ్ళు పట్టాల. మళ్ళా నడువమ్మా," అంది మునిరత్నమ్మ.

గౌరి అడుగుకు అడుగు ఆనించి నడిచింది. అదీ ఎక్కువైంది. చివరికి ఒక్కో ఏడాదికి రెండు జానలకు కొంచెం ఎక్కువగా మాత్రమే జరుగుతూ పోయింది; అదే ఏడాదిలో బల్ల మీది భూమి దానికి మూడింతల దూరం తిరిగేస్తోంది. ఇరవై తొమ్మిది అని అందరూ అరిచేసరికి బయలుదేరిన చోటికి వచ్చింది. తాడు వదలకుండా అక్కడే నిలబడింది.

"టీచరమ్మా, దావ పొడుగు గదా, అందుకే లేటవుతుందనుకొన్నా. అదొక్కటే కాదు. శని నడకే నిదానం!"

మునిరత్నమ్మ చెయ్యి చాచి గౌరి తల వెతుక్కొని దగ్గరికి తీసుకొంది.

నెలరోజులు ఆ లెక్కలతోనే కూర్చున్న నాకు, దూరం పోయేకొద్దీ గ్రహం వేగం కూడా తగ్గుతుందన్న సంగతి తట్టలేదు. బల్ల మీద పట్టేలా నేను గురుణ్ణి జరిపేసి ఉంటే, శనిని కూడా అలాగే ఇరికించి ఉంటే, ఆ పాపకూ తట్టేది కాదు.

ఇప్పుడు షెడ్డులో కొత్తగా ఎవరు చేరినా ముందు కొలతలు చెప్పను. రెండు గేర్లు జోడించి చేతికిచ్చి, కళ్ళు మూసుకొని తిప్పమంటాను. ఏది నిదానమో, ఎంత నిదానమో వేళ్ళకు తెలిశాకే మెషీన్ దగ్గరికి రానిస్తాను.