మిషన్ చెప్పిన నలభై డిగ్రీలు

మా ఆయన జయరాజు చెడ్డవాడేం కాదు. కాస్త గొప్పలకు పోతాడు, తప్పు జరిగితే మాత్రం పిల్లిలా నక్కుతాడు. పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాను గనుక ఈ సంగతిలో నాకు ఆశ్చర్యమేమీ లేదు, ఒళ్లు మండడం తప్ప.

ఎనభై తొమ్మిదిలో ఆయన హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడు. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, ఏసీ గదిలోకి చప్పుడు చేయకుండా వెళ్లాలి. ఓనరు రాజేశ్వర్ రావు సారు ఆ ఏడు ఒక ఉచిత సీటు ఇస్తానన్నాడు. ఇంటర్ పాసైన పేద పిల్లలకు పరీక్ష. మొదట వచ్చినవారికి కోర్సు, తర్వాత అక్కడే ఉద్యోగం. ఆ పరీక్ష కంప్యూటరే పెట్టాలని సారు ముచ్చటపడ్డాడు.

మా ఆయన లోటస్ అనే గడుల లెక్కల షీటులో దాన్ని తయారుచేశాడు. వరుసకో ప్రశ్న, పక్కనే నాలుగు జవాబులు. సరైన జవాబు అంకె మాత్రం పిల్లల కంటపడకుండా తెర దాటి ఎక్కడో కుడివైపు గడిలో పెట్టాడు. నడిపించేది మాక్రో. అంటే ముందే రాసిపెట్టిన ఆజ్ఞలన్నమాట. మీట నొక్కితే ప్రశ్న చూపడం, పిల్లలు కొట్టిన అంకెను సరిచూడడం, తప్పయితే సరైనది ఇదీ అని చెప్పడం, చివర్న మార్కులు వేయడం అన్నీ అదే చేస్తుంది. ప్రశ్నలు మార్చుకుంటే లెక్కలకైనా, సండే స్కూలు బైబిల్ క్విజ్‌కైనా పనికొస్తుందట. అన్నం ముందు కూర్చున్నా అదే ముచ్చట, నా చెవులు చిల్లులు పడ్డాయి.

పరీక్ష రోజు మొదటి బ్యాచి బయటికి రాగానే సారుకు అనుమానం వచ్చింది. ప్రశ్నలు బయట చెప్పేస్తారేమో, వరుస మార్చెయ్యమన్నాడు. మా ఆయన హడావిడిగా తెరమీద కనబడినంత మేరకు ప్రశ్నలను తారుమారు చేసేశాడు. కనబడని జవాబుల గడి ఉన్నచోటే ఉండిపోయింది. ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న జవాబు తగులుకుంది.

ఆ రెండో బ్యాచిలో లిదియా ఉంది. హసన్‌పర్తిలో తాపీ పని చేసే ఇస్సాకు బిడ్డ, మా చర్చి సంఘం పిల్ల. ఆ సీటు మీదే ప్రాణాలు పెట్టుకుని చదివింది. ఇరవైకి ఆరు వచ్చాయి.

"అన్నా, జర ఒక్కపారి చూడన్నా. నాకు తెలిసినయే అడిగింది, తెలిసినయే తప్పంటాంది" అని ఏడ్చిందట.

"మిషన్‌కు నీ మీద పగనా చెల్లె? అది అబద్ధం చెప్పది" అన్నాడట మా మహానుభావుడు.

సీటు మొదటి బ్యాచిలో భాస్కర్ అనే పిల్లవాడికి పోయింది. వాడికి న్యాయంగానే వచ్చింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను సెంటర్‌కు తీసుకుపోయి, తన ఘనకార్యం చూడమని మిషన్ ముందు కూర్చోబెట్టాడు. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని అడిగింది. వంద అని కొట్టాను. తప్పు, నలభై అంది. "నలభైకి మీ మిషన్ల చాయ్ మరుగుతదేమో, మా పొయ్యి మీదనైతే మరగది" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ముఖం తెల్లబోయింది. వరుస మార్చినప్పుడు జరిగిన పొరపాటు అప్పుడు కక్కాడు.

"ముందుగాల లిదియాకు చెప్పు" అన్నాను.

"నౌకరి పోతదే ఎస్తేరూ. సారు ఊకుంటడా?"

చెప్పలేదు. ఆయనకు అన్నం సహించడం మానేసింది. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభురాత్రి భోజనపు రొట్టె పళ్లెం తన దాకా వస్తే, ముట్టకుండా పక్కవారికి జరిపేశాడు. మనసులో తప్పు దాచుకున్నవాళ్లు దాన్ని ముట్టకూడదు గనుక, మా సంఘంలో అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఉండదు. అందరూ ఆయన్నే చూశారు. ఇస్సాకు కూడా చూశాడు. లిదియా మాత్రం రాలేదు. చదివానని మోసం చేసిందని తండ్రి ఆమెతో మాటలే బంద్ చేశాడట. ఆ సంగతి విని మా ఆయన తల ఎత్తలేకపోయాడు.

అప్పుడైనా నోరు విప్పాడా? లేదు, ఉపాయం పన్నాడు. సారును బతిమాలి ఇంకో సీటు ఒప్పించాడు. జవాబుల గడి సరిచేసి, అవే ప్రశ్నలు పెట్టి లిదియాను పిలిపించాడు. "తెలివైన పిల్ల, అన్నీ కరెక్ట్ కొడ్తది. ఎవరికీ తెల్వకుంట సరిపోతది" అన్నాడు. నేను ఉండబట్టలేక వెంట వెళ్లి గది వెనకాల కూర్చున్నాను.

లిదియా తడుముకోకుండా టకటకా కొట్టింది. మార్కులు చూసి సారు పెదవి విరిచాడు. ఇరవైకి మళ్లీ ఆరే.

"నీళ్లు నలభైకి మరుగుతయా చెల్లె?" పక్కన నిలబడి చూస్తున్న మా ఆయన అడిగాడు.

"వందకని నాకు ఎరుకే అన్నా. పోయినసారి వంద కొడితే తప్పన్నది, నలభై అన్నది. అది చెప్పినయన్నీ ఇంటికి పోయి బట్టీ పట్టిన. అబద్ధం చెప్పదంటివి గదా. మీకు ఏది కావాల్నో అదే కొట్టిన."

నాకు దుఃఖం ఆగలేదు. మా ఆయన సారు ముందే అంతా చెప్పేశాడు. సారు నానా తిట్లు తిట్టి, చివరికి సీటు ఆ పిల్ల పేర రాశాడు. లిదియా సంతోషపడుతుందనుకున్నాను.

"సీటు సంగతి తర్వాత. వచ్చి మా బాపుకు చెప్పు" అంది.

ముగ్గురం బస్సెక్కి హసన్‌పర్తి వెళ్లాం. ఇస్సాకు అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మా ఆయన చెప్పినదంతా చెంబు పట్టుకునే విన్నాడు.

"మిషన్ అబద్ధం చెప్పదని నా బిడ్డతోని అన్నది నువ్వేనా?"

"నేనే కాకా."

ఇస్సాకు మరి ఆయన వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ కూతురి దగ్గరికి పోయి, సున్నం మరకల చెయ్యి ఆమె తలమీద పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"నిన్ను అడగాల్సింది బిడ్డా. నేను మిషన్‌ను నమ్మితి" అన్నాడు.